కాలువ గట్టు, కంకర బాట: ఈస్ట్ బేలో నాన్నతో నాలుగు రోజులు

రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడి చెవులు రెండూ వెనకే ఉంటాయి. ముందు చెట్టుందా, ఏరుందా, ఆకాశం ఏ రంగులో ఉంది అన్నది తర్వాతి సంగతి. వెనక వచ్చేది ట్రక్కా, కారా, ఎంత దూరంలో ఉంది, పక్కకి తప్పుకుని పోతుందా లేదా, బుర్రలో ఎప్పుడూ ఇదే లెక్క. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో బేకి (అఖాతానికి) తూర్పు వైపుని ఈస్ట్ బే అంటారు, అక్కడి ఫ్రీమాంట్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆఫీసు నుంచి సైకిల్ మీద వస్తుంటే ఒక కారు అద్దం నా ఎడమ మోచేతికి కొట్టుకుంది. కారు ఆగలేదు. ఎముక విరగలేదు గానీ నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత రోడ్డెక్కితే చాలు, వెనక చిన్న చప్పుడుకే భుజాలు బిగుసుకుపోయేవి. సైకిల్ తీసుకెళ్ళి గరాజ్‌లో గోడకి తగిలించేశాను. ఎనిమిది నెలలు అది అక్కడే ఉంది.

మళ్ళీ తొక్కుతున్నానంటే అది ఇక్కడి రీజనల్ పార్కుల పుణ్యం. అలమీడా, కాంట్రా కోస్టా అనే రెండు కౌంటీల్లో 73 పార్కులు, లక్షా పాతిక వేల ఎకరాలకు పైగా నేల, అంతా ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్ అనే ఒకే సంస్థ చేతిలో ఉంది. ఆ కొండల మీద ఫైర్ రోడ్లు ఉంటాయి. ఎండాకాలం గడ్డి అంటుకుంటే ఫైరింజన్లు పోవడానికి వెడల్పుగా తీసిన మట్టి బాటలు, కంకర బాటలు. ఎప్పుడో ఒకసారి పార్కు వాళ్ళ బండి రావడం తప్ప మామూలు కార్లకి ప్రవేశం లేదు. వాటి కోసమే ఒక గ్రావెల్ బైక్ కొన్నాను. చూడ్డానికి వంపు హ్యాండిల్‌తో రేసు సైకిల్‌లా ఉంటుంది గానీ టైర్లు 40 మిల్లీమీటర్ల లావు, గాలి తక్కువ, ఎత్తు ఎక్కడానికి బాగా తేలికైన గేర్లు.

ఈ సెప్టెంబరులో నాన్న వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళు. పర్చూరు వైపు మా ఊరి నుంచి స్కూలుకి ముప్పై ఏళ్ళు సైకిల్ మీదే వెళ్ళొచ్చిన టీచరు. ఇక్కడికొచ్చాక మాత్రం సోఫాకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు. నవంబరు చివర్లో థాంక్స్ గివింగ్ పండక్కి నాలుగు రోజులు సెలవు దొరికింది. స్నేహితుడి దగ్గర ఒక మామూలు హైబ్రిడ్ సైకిల్ అడిగి తెచ్చి, సీటు దించి, గాలి కొట్టి పెట్టాను.

గురువారం: అలమీడా క్రీక్

ఫ్రీమాంట్‌లోనే నైల్స్ అనే పేట దగ్గర ఈ ఏరు కొండల్లోంచి బయటపడుతుంది. అక్కడ మొదలుపెట్టి శాన్ ఫ్రాన్సిస్కో బే దాకా 12 మైళ్ళు, అంటే దాదాపు 19 కిలోమీటర్లు, ఏటికి రెండు వైపులా గట్లే. దక్షిణపు గట్టు మీద తారు, ఉత్తరపు గట్టు మీద మట్టీ కంకరా. నాన్నకి తారు గట్టు అయితే సుఖంగా ఉంటుందని అటు తిప్పబోయాను.

"ఆ మట్టి గట్టు మీద పోదాం పద. తారు మీద ఏముంది?" అన్నాడు.

మొదటి అరమైలు నేనే ఎక్కువ భయపడ్డాను. ఎన్నేళ్ళయిందో నాన్న సైకిలెక్కి. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకుని, కాస్త తూలి, ఒక కాలు కింద పెట్టి, మళ్ళీ ఎక్కాడు. తర్వాత కంకర మీద టైరు చప్పుడు మొదలైంది. పొడి కంకర మీద లావు టైరు పోతుంటే సన్నటి మంట మీద వేరుశెనక్కాయలు వేయిస్తున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. కాసేపటికి నాన్న వీపు నిటారయింది. నేను వెనక పడిపోయాను.

గట్టు మొదట్లోనే క్వారీ లేక్స్. 1860ల్లో ఖండాన్ని దాటే రైలు మార్గం వేస్తున్నప్పుడు కంకర తవ్వి తీసుకెళ్ళిన గుంతలు ఇవి. తర్వాత కూడా చాలా ఏళ్ళు తవ్వారు. ఇప్పుడవి చెరువులు. ఏటికి అడ్డంగా రబ్బరు తిత్తుల్లాంటి ఆనకట్టలున్నాయి. గాలి నింపితే ఉబ్బి నీళ్ళని ఆపుతాయి, ఆ నీళ్ళని ఈ గుంతల్లోకి మళ్ళిస్తారు, అవి భూమిలోకి ఇంకుతాయి. మా ఇంటి కుళాయిలో వచ్చే నీళ్ళలో కొంత ఇక్కడ ఇంకినవే. నాన్న సైకిల్ ఆపి చాలాసేపు చూశాడు. "చెరువు నిండితే కింద బావులు ఊరినట్టే కదరా" అన్నాడు. నేను ఇన్నేళ్ళుగా ఈ గట్టు మీద పోతూ ఒక్కసారి కూడా అలా అనుకోలేదు.

ఈ బాట గురించి నాకు అన్నిటికన్నా నచ్చేది వంతెనల సంగతి. ఊళ్ళో పెద్ద రోడ్లన్నీ ఈ ఏటిని దాటాలి. రోడ్డు వచ్చిన ప్రతిచోటా బాట కిందికి దిగి వంతెన కిందుగా పోయి మళ్ళీ గట్టెక్కుతుంది. ఒక్క సిగ్నల్ లేదు. 880 ఫ్రీవే కింద ఆగితే నెత్తి మీద లారీలు ఉరుముతున్నాయి, కింద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఆ తర్వాత ఒక వంతెన దాటి అవతలి గట్టుకి మారాం. అక్కడే నాన్న వెనక టైరు కూర్చుండిపోయింది. టైరు తిప్పి చూస్తే మూడు ముళ్ళు. గోరుతో ఒకటి పీకి ఎండలో పట్టుకున్నాను. గోధుమరంగు కాయ, శెనగ గింజంత ఉంటుంది, దానికి రెండు పొడుగు కొమ్ములు. ఎలా పడేసినా ఒక కొమ్ము పైకే చూస్తుంది. ఇక్కడి సైకిల్ వాళ్ళు దీన్ని మేకతల అంటారు, దీన్ని తిట్టుకోని వాడు లేడు.

"ఇది పల్లేరుగాయ కదరా!" అన్నాడు నాన్న.

నిజమే. అదే మొక్క. చిన్నప్పుడు పొలం గట్ల మీద ఉత్తికాళ్ళతో తిరిగి అరికాలంతా గుచ్చుకున్న పల్లేరు. ఎక్కడో పాత ప్రపంచం నుంచి ఇక్కడికి చేరి కాలిఫోర్నియా బాటల పక్కన పాకుతోంది. నాన్న ఒక కాయని జాగ్రత్తగా కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, అమ్మకి చూపించాలట.

నా సంచిలో ఉన్న స్పేర్ ట్యూబు ఆ చక్రానికి సరిపోయేది కాదు. ప్యాచ్‌లు మాత్రం ఉన్నాయి. నేను వీడియో గుర్తు చేసుకుంటూ ఉండగానే నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని ట్యూబు బయటికి లాగేశాడు. కాస్త గాలి కొట్టించి, ట్యూబుని బుగ్గకి దగ్గరగా పెట్టుకుని మెల్లగా తిప్పాడు. "ఇదిగో ఇక్కడ చల్లగా తగుల్తోంది." గరుకు కాగితంతో చిల్లు చుట్టూ నలుపు పోయేదాకా రుద్దాడు. సొల్యూషన్ వేలితో పల్చగా పూసి, నోటితో ఊది, వెంటనే అంటించకుండా ఆగాడు. నేను ప్యాచ్ అందిస్తే చేత్తో వద్దన్నాడు. "ఆరాలి. తడిగా ఉంటే పట్టదు." సొల్యూషన్ మెరుపు పోయాక ప్యాచ్ వేసి, నీళ్ళ సీసా అడుగుతో నూరినట్టుగా నొక్కాడు. మూడు చిల్లులకి ఇరవై నిమిషాలు. టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడిమి మిగిలిన ముల్లు ఏమీ లేదని తేల్చుకున్నాకే ట్యూబు ఎక్కించాడు. తిరిగి ఇంటికొచ్చేదాకా మళ్ళీ గాలి దిగలేదు.

గట్టు చివర్లో కయోటీ హిల్స్. బే అంచున ఎండు గడ్డి కప్పుకున్న చిన్న కొండలు, వాటి వెనక జమ్ము పెరిగిన బురద మడుగులు. రెండు వేల ఏళ్ళకు పైగా ఇక్కడి ఆదివాసులైన ఓలోనీ జనం బతికిన చోటు ఇది. వాళ్ళు తిన్న ఆల్చిప్పలు పేరుకుని అయిన దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. కొండ అంచున పశ్చిమానికి తిరిగితే కనుచూపు మేరా ఉప్పు మడులు, కొన్ని తెల్లగా, కొన్ని ఎర్రగా. దూరంగా తెల్ల గూడబాతుల గుంపు.

నాన్న కదల్లేదు. మా చిన్నప్పుడు కొమ్మమూరు కాలువ గట్టు పట్టుకుని పెదగంజాం దాకా సైకిల్ మీద పోయిన సంగతి చెప్పాడు. అక్కడ చినగంజాం ఉప్పు మడులు కనపడేవి. "గట్టు మీద నుంచి చివరికి ఉప్పు దగ్గరికే వచ్చాం చూడు" అన్నాడు. అది నేను ప్లాన్ చేసింది కాదు.

శుక్రవారం: ప్లెజంటన్ రిడ్జ్

నాన్నకి కాళ్ళు పట్టేశాయి, ఇంట్లోనే ఉన్నాడు. నేను డబ్లిన్‌లో ఉండే స్నేహితుడితో వెళ్ళాను. ఖమ్మం అబ్బాయి, నాకన్నా ఆరేళ్ళు చిన్న, కొండలెక్కడంలో నాకన్నా చాలా గట్టివాడు.

ఫుట్‌హిల్ రోడ్డు దగ్గర కారు పెట్టి గేటు దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. ఇక్కడ గేట్ల సంగతి చెప్పాలి. ఈ పార్కుల్లో ఆవులు మేస్తాయి. గడ్డి ఎక్కువ పెరిగి ఎండితే మంటలకి మేత అవుతుంది కాబట్టి ఆవుల్ని కావాలనే మేపుతారు. అందుకని గేటు తీసిన ప్రతివాడూ మళ్ళీ గొళ్ళెం వెయ్యాలి. మా వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసి, వాళ్ళకి పట్టుకుని, తర్వాత వేస్తాం.

కొన్నిచోట్ల బాట ఎంత నిటారుగా ఉంటుందంటే, సీటు మీద వెనక్కి కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది, ముందుకు వంగితే వెనక చక్రం కంకరలో జారుతుంది. ఆ రెంటి మధ్య అరంగుళం చోటులో ఒళ్ళు పెట్టుకుని తొక్కాలి. నేను రెండుసార్లు దిగి తోశాను. "అన్నా, దిగినా పర్లేదు, ఆగకు" అంటాడు వాడు పైనుంచి.

ఒక మలుపులో ఎదురుగా గుర్రం మీద ఒకావిడ వచ్చింది. ఇక్కడి పద్ధతి ప్రకారం గుర్రానికి అందరూ దారివ్వాలి, నడిచేవాళ్ళకి సైకిళ్ళు దారివ్వాలి. మేం దిగి పక్కకి నిలబడ్డాం. "ఏదైనా మాట్లాడండి" అందావిడ. హెల్మెట్లూ కళ్ళద్దాలూ పెట్టుకుని మౌనంగా నిలబడితే గుర్రానికి మనం మనుషులమని తెలియదట, గొంతు వింటే కుదుటపడుతుందట. మా వాడు గుర్రంతో తెలుగులో క్షేమసమాచారాలు మొదలుపెట్టాడు. గుర్రం చెవులు ముందుకి తిప్పి విని, నెమ్మదిగా మమ్మల్ని దాటి పోయింది. ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ పాటిస్తున్నాను.

పైన శిఖరం వెంట పాత ఆలివ్ తోటలున్నాయి, ఎవరూ పట్టించుకోకపోయినా కాస్తూనే ఉన్నాయి. అక్కడ కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. కింద 680 ఫ్రీవే మీద బ్లాక్ ఫ్రైడే షాపింగ్‌కి పోయే కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి మెరుస్తున్నాయి. చప్పుడు మాత్రం పైకి రావడం లేదు. గాలి, ఆలివ్ ఆకులు, ఎక్కడో ఒక ఆవు దగ్గు. అరగంటసేపు నేను వెనక్కి చెవి పెట్టలేదని నాకు అప్పుడు తెలిసింది.

దిగేటప్పుడు గంటకి 15 మైళ్ళ పరిమితి ఉంది. కొందరు లెక్కచెయ్యరు. నాకు మాత్రం ఆ నియమం మీద గౌరవం. కారు నన్ను భయపెట్టినట్టు నేను ఇంకొకళ్ళని భయపెట్టకూడదు. బెల్లు కొట్టుకుంటూ, వేళ్ళు బ్రేకుల మీదే ఉంచి దిగాం.

రాత్రికి వాన పట్టుకుంది.

శనివారం: గారిన్

తెల్లారేసరికి వాన వెలిసింది. వెళ్ళకూడదు. తెలిసీ వెళ్ళాను. హేవర్డ్ కొండల్లో గారిన్ పార్కు మాకు దగ్గర, పాతకాలపు ఆపిల్ రకాల తోట ఉంది, ఆ పైన ఆవులు మేసే కొండలు. మొదటి వాన తడికి కొండలు లేత వాసన వేస్తున్నాయి. ఆ వాసన కోసమే వెళ్ళానేమో.

రెండు వందల గజాలు కూడా పోలేదు. మట్టి టైరుకి చుట్టుకోవడం మొదలైంది. ఇక్కడి బంకమట్టి ఎండాకాలం సిమెంటులా ఉంటుంది, తడిస్తే చక్రానికి పొరమీద పొర అంటుకుని, గడ్డి పరకలు కూడా కలుపుకుని, ఫోర్కు సందులో ఇరుక్కుంటుంది. చక్రం తిరగడం ఆగిపోయింది. సైకిల్ భుజానికెత్తుకుంటే రెండింతల బరువు. నా బూట్ల కింద చెప్పుల ఎత్తున మట్టి. ఒక పుల్ల విరిచి గీకాను, పది అడుగులు తోశాను, మళ్ళీ గీకాను. గడ్డి అంచు పట్టుకుని నడుచుకుంటూ వెనక్కొచ్చేశాను.

ఇందులో నా కష్టం పెద్ద విషయం కాదు. తడి బాట మీద సైకిల్ పోతే గాడి పడుతుంది. అది ఎండి రాయిలా అయి వేసవంతా ఉంటుంది, నడిచే ముసలివాళ్ళకి అందులో కాలు మడతపడుతుంది. వాన తర్వాత రెండు మూడు రోజులైనా బంకమట్టి కొండల జోలికి పోకూడదు. తెలిసినవాణ్ణే తప్పు చేశాను.

పెరట్లో సైకిల్ కడుగుతుంటే నాన్న ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. "నల్లరేగడి" అన్నాడు మట్టిని వేళ్ళ మధ్య నలిపి. "మాకు మడ్గార్డులో ఇరుక్కునేది. అందుకే వానాకాలం మడ్గార్డు విప్పేసేవాళ్ళం. క్యారేజీకి ఎప్పుడూ ఒక పుల్ల కట్టి ఉండేది."

తర్వాత అడిగాడు: "ఇంత భూమి ఎవరిదిరా? ఎవరూ ఆక్రమించలేదా?"

చెప్పాను. 1930 ప్రాంతంలో ఇక్కడి నీటి సరఫరా సంస్థ దగ్గర కొండల మీద వేల ఎకరాలు మిగులు తేలాయి. అవి ఇళ్ళ స్థలాలుగా అమ్ముడుపోతాయని జనం కంగారుపడి, పార్కులుగా ఉంచాలని పట్టుబట్టారు. 1934 నవంబరులో ఓటింగ్ జరిగింది. అది మహా మాంద్యం కాలం, ఉద్యోగాలు లేవు, బ్యాంకులు మూతపడ్డాయి. అయినా నూటికి డెబ్బై మందికి పైగా మా మీద పన్ను వెయ్యండని ఓటేశారు. వంద డాలర్ల ఆస్తి విలువకి అయిదు సెంట్లు. 1936లో మొదటి పార్కులు తెరిచారు. నిన్నా మొన్నా మేం తొక్కిన బాటలన్నీ ఆ ఓటు నుంచి పుట్టినవే.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "తిండికి లేనప్పుడు కూడా?" అన్నాడు. తర్వాత మా ఊరి డొంకలు ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పుకొచ్చాడు. బండ్లు పోయే డొంక, చెరువుకి పోయే డొంక, వాగు దాటించే డొంక. రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునేంత వెడల్పుండేవి, రెండు వైపులా తుమ్మలు, కలబంద. ఏటా రెండు సాళ్ళ చొప్పున పక్క పొలాల్లో కలిసిపోయాయి. ఇప్పుడు కొన్ని మనిషి నడిచేంత కూడా లేవు. అవి ఎవరివీ కావు కాబట్టి ఎవరూ అడ్డం నిలబడలేదన్నాడు. ఎవరివీ కావా, అందరివీనా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు నాన్నకి నాకన్నా బాగా తెలుసు. మండలాఫీసులో ఆయన ఇచ్చిన అర్జీల నకళ్ళు మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఇంకా ఉన్నాయి.

ఆదివారం: రెడ్‌వుడ్

ఓక్లండ్ కొండల మీద రెడ్‌వుడ్ పార్కు. స్కైలైన్ గేటు దగ్గర మొదలయ్యే వెస్ట్ రిడ్జ్ బాట శిఖరం వెంట పోతుంది. ఇక్కడి నేల గారిన్ మట్టిలా అంటుకోదు, తడి ఉన్నా చక్రం ఆడుతుంది. అది తెలుసుకునే నాన్నని తీసుకొచ్చాను. మొదట్లో ఎత్తుపల్లాలు తక్కువే.

ఈ శిఖరం మీద ఒకప్పుడు ఎంత పెద్ద చెట్లుండేవంటే, సముద్రం నుంచి బేలోకి దారైన గోల్డెన్ గేట్ గుండా లోపలికొచ్చే ఓడల వాళ్ళు వాటిలో రెంటిని గురిగా పెట్టుకుని, నీటి కింద దాగిన బ్లాసమ్ రాక్ అనే బండని తప్పించుకునేవారు. బీచీ అనే బ్రిటిష్ కెప్టెన్ 1826లో ఆ గురి చూపించాడు. 1850లు గడిచేసరికి ఆ అడవంతా రంపాలకి పోయింది. ఇప్పుడున్నవి నరికిన మోళ్ళ నుంచి లేచిన పిలకలు. పిలకలంటే ఒకటిన్నర శతాబ్దం వయసు, మెడ నొప్పెట్టేంత ఎత్తు. మోడు చుట్టూ వలయంగా నిలబడి ఉంటాయి.

కుక్కలతో నడిచేవాళ్ళు ఎదురయ్యారు. నాన్న ప్రతి ఒక్కరికీ ముందే బెల్లు కొట్టి, నెమ్మదించి, తల ఊపాడు. జామాయిల్ చెట్ల కింద ఆగి ఒక ఆకు నలిపి వాసన చూశాడు. రెండు మైళ్ళు పోయి వెనక్కి తిరిగి, సైకిళ్ళు కారు మీద కట్టేసి, లోయలోకి నడిచాం. స్ట్రీమ్ ట్రెయిల్‌లో ఆ భాగంలోకి సైకిళ్ళు రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

కిందికి దిగేకొద్దీ చీకటి, తడి, మెత్తటి నేల. ఒక కూడలి దగ్గర కంచె గుంజ ఎర్రగా కనిపించింది. రంగు వేశారనుకున్నాను. దగ్గరికెళ్తే కదులుతోంది. లేడీబగ్ పురుగులు. వేలకి వేలు. చలికాలం గడపడానికి ఏటా నవంబరు నుంచి ఇక్కడ గుంపులు కడతాయి. గుంజ మీద, ఫెర్న్ ఆకుల అడుగున, రాలిన కొమ్మల మీద ఒకదాని మీద ఒకటి, పగడాల రాశి పోసినట్టు. ఎండ చుక్క పడిన చోట మాత్రం కాస్త పాకుతున్నాయి, నీడలో ఉన్నవి నిద్రపోతున్నాయి.

నాన్న మోకాళ్ళు పట్టుకుని వంగాడు. చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "ఆరుద్ర పురుగులు గుర్తున్నాయా? మొదటి వానకి చేలో కనపడేవి. నువ్వు అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చేవాడివి."

గుర్తున్నాయి. నల్ల మట్టి మీద ఎర్రటి మఖమల్ బొట్లు. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకునేవి. అగ్గిపెట్టెలో గడ్డి పరక వేసి పెట్టేవాణ్ణి. ఆ పురుగులు వేరు, ఇవి వేరు. అయినా ఇద్దరం చాలాసేపు అలాగే నిలబడ్డాం. వెనక నుంచి ఎవరో పిల్లలతో వస్తున్న మాటలు వినిపించాయి, పక్కకి జరిగి చోటిచ్చాం.

కారులో తిరిగొస్తుంటే నాన్న అడిగాడు: "రేపు నువ్వు ఆఫీసుకెళ్ళాక నేనొక్కణ్ణీ ఆ గట్టు మీద ఉప్పు మడుల దాకా పోయొస్తాను. మనింటి నుంచి గట్టెక్కేదాకా రోడ్డు దాటాలా?"

ఒక్క చోట దాటాలి, అక్కడ సిగ్నల్ ఉంది, ఇవాళే చూపిస్తానన్నాను. ఇంటికెళ్ళేముందు అక్కడ కారు ఆపి, మీట ఎలా నొక్కాలో చూపించాను. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే నా సంచిలోంచి ప్యాచ్‌లూ, సొల్యూషనూ, గరుకు కాగితమూ తీసి నాన్న తన సంచిలో సర్దుకున్నాడు.